‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే అవతల ఎవరో పలికారనే అర్థం

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైన తీరులో ముందు ఒకసారి చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దు. విజయనగరం దాసన్నపేటలో మీ ఇల్లు. కింద హాల్లో ఉబుంటు 24.04 (లినక్స్) ఉన్న డెస్క్‌టాప్, అందులో నాన్నగారి షాపు లెక్కలూ నీ కాలేజీ ప్రాజెక్టూ ఉన్నాయి. డాబా మీద గదిలో విండోస్ 11 లాప్‌టాప్. పై నుంచి కిందికి ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే నెట్‌వర్క్ మీదుగా ఇంకో కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతితో, లాగిన్ అవుతూ ఇన్నాళ్లూ హాయిగా పని చేసుకున్నావు. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచీ ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ తప్ప ఇంకేమీ రావడం లేదు. పింగ్ (ఆ అడ్రస్‌లో ఎవరైనా ఉన్నారా అని అడిగే పలకరింపు) మాత్రం వెళ్తోంది. పాస్‌వర్డ్ మార్చావు, కొత్త కీ (పాస్‌వర్డ్ బదులు వాడే తాళం ఫైల్) తయారు చేశావు, ఫైర్‌వాల్ ఆపేశావు, రౌటర్ ఆపి వేశావు, ఏదీ కలిసిరాలేదు. చివర్లో, అదేదో అనవసరమైన సంగతి అన్నట్టు, ‘అంతకుముందు ఒక వీడియో చూసి కాన్ఫిగ్ ఫైల్‌లో పోర్టు మార్చాను, కానీ ఏమీ తేడా రాలేదు’ అని ఒక ముక్క అన్నావు. నా దృష్టి అంతా ఆ ముక్క మీదే ఉంది, దాని దగ్గరికి వస్తాను.

కమాండ్లన్నీ పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను. నువ్వు పైన ఉండి, కింద డెస్క్‌టాప్ ముందు నాన్నగారినో చెల్లినో కూర్చోబెట్టి ఫోన్‌లో చెప్పాల్సి వస్తే ఇదే సులువు. కొట్టడం మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, నేను హైఫన్ అన్నచోట చిన్న గీత, చుక్క అన్నచోట ఫుల్‌స్టాప్.

ఇప్పుడు అసలు విషయం. రెఫ్యూజ్డ్ అన్న మాట చూసి అందరూ టెన్షన్ పడతారు గానీ, రాగల ఎర్రర్లలో ఇది మంచి ఎర్రర్. పోర్టు అంటే మెషీన్‌లో ఒక్కో సేవకు ఉండే నంబరు తలుపు, ఎస్‌ఎస్‌హెచ్‌ది మామూలుగా 22. నీ లాప్‌టాప్ ‘22వ పోర్టులో మాట్లాడాలి’ అని ఒక ప్యాకెట్ పంపింది, అవతలి యంత్రం దాన్ని అందుకుని ‘ఆ పోర్టులో ఎవరూ లేరు, పో’ అని రీసెట్ ప్యాకెట్ తిరిగి పంపింది. ఫోన్ చేస్తే అవతలివాళ్లు కట్ చేయడం లాంటిది ఇది. కట్ చేశారంటే ఫోన్ ఆన్‌లో ఉంది, సిగ్నల్ ఉంది, చేతిలో పట్టుకున్న మనిషీ ఉన్నాడు. అదే ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ వస్తే ప్యాకెట్ ఎక్కడ పోయిందో తెలియదు, ఫైర్‌వాల్ మింగేసిందో, మెషీన్ ఆగిపోయిందో, వైఫై రెండు పరికరాలను ఒకదానితో ఒకటి మాట్లాడనివ్వడం లేదో, వెతకాల్సిన చోట్లు బోలెడు. ‘నో రూట్ టు హోస్ట్’ వస్తే చాలాసార్లు ఆ అడ్రస్‌లో అసలు ఎవరూ లేరని. ‘పర్మిషన్ డినైడ్’ వచ్చిందంటే సర్వర్ దాకా వెళ్లావు, లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు, కీ, యూజర్ పేరు అన్నవి అక్కడికి చేరాక వచ్చే గొడవలు. నీ ప్యాకెట్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తోంది, ఇంకా ఎవరూ నిన్ను పాస్‌వర్డ్ అడగనే లేదు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చడం, కొత్త కీ చేయడం రెండూ వృథా శ్రమ. నష్టమేమీ లేదనుకో, కానీ పాత కీని దానిమీదే రాసేసి ఉంటే, ఇదంతా తేలాక ఆ కొత్త కీని డెస్క్‌టాప్‌కి మళ్లీ ఎక్కించాలి, అప్పుడు ‘పర్మిషన్ డినైడ్’ చూసి మళ్లీ కంగారు పడకు.

ఫైర్‌వాల్ గురించి కూడా ఒక మాట. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే ఫైర్‌వాల్ మామూలుగా అడ్డుకున్నప్పుడు జవాబివ్వదు, ప్యాకెట్‌ని పడేసి ఊరుకుంటుంది, నీకు కనిపించేది టైమ్డ్ అవుట్. రెఫ్యూజ్డ్ చూసి మొట్టమొదట ఫైర్‌వాల్ ఆపేయడం చాలామందికి అలవాటు, ఎవరో ఎక్కడో చెప్పినదాన్ని పట్టుకుని. ముందు దాన్ని మళ్లీ పెట్టు: ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఎస్‌ఎస్‌హెచ్’, ఆ తర్వాత ‘సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్’. ఆ వరసలోనే.

సరే, ఫోన్ కట్ చేశారు. ఎవరు? నువ్వు అనుకున్న మనిషేనా? పింగ్ వెళ్తోంది కాబట్టి డెస్క్‌టాపే అని నువ్వు నమ్మేశావు. పింగ్ చెప్పేది ఆ అడ్రస్‌లో ఎవరో ఒకరు ఉన్నారని మాత్రమే. ఇక్కడ కరెంటు పోవడం పాత్ర నిజంగా ఉంది. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాల వాళ్లం, కరెంటు పోవడం గురించి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు గానీ, పోయి వచ్చినప్పుడు ఇంట్లో ఏ పరికరం ఏ వరసలో లేస్తుందో పెద్దగా గమనించం. ఇంటి రౌటర్ ప్రతి పరికరానికీ ఒక అడ్రస్ కొంతకాలానికి అద్దెకిస్తుంది, చాలా చవక రౌటర్లు ఆ జాబితాను ఆగి లేచేసరికి మరిచిపోతాయి. అప్పుడు ముందు అడిగినవాళ్లకు ముందు. ఫోన్లు బ్యాటరీ మీద ఆన్‌లోనే ఉంటాయి, రౌటర్ లేవగానే తగులుకుంటాయి, టీవీ స్టాండ్‌బైలోనే కనెక్ట్ అయిపోతుంది, నీ డెస్క్‌టాప్ ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా లేవదు. నిన్నటిదాకా 192.168.1.5 డెస్క్‌టాప్‌ది, ఇవాళ అది అమ్మగారి ఫోన్‌ది కావచ్చు. ఫోన్ పింగ్‌కి పలుకుతుంది, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ దానిలో ఉండదు కాబట్టి నిజాయితీగా రెఫ్యూజ్డ్ అంటుంది. మన వైపు షాపుల్లో, క్లినిక్కుల్లో నేను నెట్‌వర్క్ పనులకు వెళ్లినప్పుడు ‘ప్రింటర్ పనిచేయడం లేదు’, ‘కెమెరా రావడం లేదు’ అన్న పిలుపుల వెనకా చాలాసార్లు ఇదే ఉంటుంది.

తేల్చుకోవడం కష్టం కాదు. డెస్క్‌టాప్ టెర్మినల్‌లో ‘ఐపీ ఎ’ అని కొట్టు. ఐనెట్ అన్న మాట పక్కన 192.168తోనో 10తోనో మొదలయ్యే అడ్రస్ ఉంటుంది, 127.0.0.1 ఉన్నదాన్ని వదిలెయ్, అది ప్రతి మెషీన్ తనను తాను పిలుచుకునే అడ్రస్. ఇప్పుడు లాప్‌టాప్‌లో నువ్వు వాడుతున్న అడ్రస్‌తో పోల్చు. అంకెలు వేరైతే నీ సమస్యలో సగం, ఒక్కోసారి మొత్తం, ఇక్కడే తేలిపోయింది. ఒకటే అయినా నాకు తృప్తి ఉండదు, ఎందుకంటే ఎవరైనా చేత్తో స్టాటిక్ (మారని) అడ్రస్ పెట్టి ఉంటే రెండు పరికరాలు ఒకే అడ్రస్ పట్టుకుని కూర్చునే అవకాశం ఉంది. లాప్‌టాప్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ అడ్రస్‌ని ఒకసారి పింగ్ చేసి ‘ఏఆర్‌పీ హైఫన్ ఎ’ కొట్టు, ఆ అడ్రస్ పక్కన ఆరు జతల మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం నెట్‌వర్క్ కార్డు సొంత గుర్తు, కనిపిస్తుంది. డెస్క్‌టాప్‌లో ‘ఐపీ లింక్’ చూపించే మ్యాక్‌తో అది కలవాలి. కలిస్తే పలికింది డెస్క్‌టాపే, సందేహం లేదు. కలవకపోతే పలికింది ఇంకెవరో. ఒక్క మినహాయింపు, పైన వైఫై కోసం రిపీటర్ పెట్టి ఉంటే కొన్ని రిపీటర్లు తమ మ్యాక్‌నే ముందుకు తోస్తాయి, అప్పుడు లాప్‌టాప్‌ని కిందికి తెచ్చి నేరుగా రౌటర్ వైఫైకి తగిలించి చూడు.

ఇదే దారిలో ఇంకో రెండు గోతులున్నాయి. డెస్క్‌టాప్‌కి కేబులూ, వైఫై రెండూ తగిలించి ఉంటే దానికి రెండు అడ్రస్‌లు, రెండు మ్యాక్‌లు ఉంటాయి, ఏది రాసుకున్నావో చూసుకో. రెండోది, కొందరు గూగుల్‌లో నా ఐపీ ఎంత అని అడిగి వచ్చిన అంకెను వాడతారు. అది రౌటర్‌కి బయట ఉన్న అడ్రస్, ఇంట్లోంచి దానికి కొడితే చాలాసార్లు రౌటరే నిన్ను రెఫ్యూజ్ చేస్తుంది, డెస్క్‌టాప్‌కి ఆ సంగతే తెలియదు. పైన డాబా గదికి రిపీటర్ కాకుండా ఇంకో పూర్తి రౌటర్ పెట్టి ఉంటే అది వేరే కథ, రెండు వేర్వేరు నెట్‌వర్కులు తయారవుతాయి, పై నుంచి కిందికి వెళ్తుంది గానీ కింది నుంచి పైకి రాదు. రెండింటికీ అడ్రస్‌లు 192.168.1తోనే మొదలైతే మరీ గందరగోళం. ఆ రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) మార్చు, అంతే.

అడ్రస్ మారిందని తేలితే కొత్త అడ్రస్‌తో లాగిన్ అయి ఊరుకోకు, రేపు మళ్లీ కరెంటు పోతుంది. రౌటర్ సెట్టింగుల్లో అడ్రస్ రిజర్వేషన్ అనో, డీహెచ్‌సీపీ స్టాటిక్ అనో ఉంటుంది, డెస్క్‌టాప్ మ్యాక్‌ని ఒక అడ్రస్‌కి కట్టేయ్. మెషీన్‌లో చేత్తో స్టాటిక్ పెట్టడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం, అడ్రస్‌ల లెక్క ఒక్కచోటే ఉంటుంది. రౌటర్ పాస్‌వర్డ్ తెలియకపోతే అడ్రస్ బదులు పేరు వాడు. ఉబుంటు డెస్క్‌టాప్ తన పేరుని చుక్క లోకల్ తోకతో ఇంట్లో ప్రకటించుకుంటూ ఉంటుంది, దాని పేరు ‘షాపు’ అయితే ‘షాపు చుక్క లోకల్’ అని కొడితే విండోస్ 11 వెతికి పట్టుకుంటుంది.

ఇక మ్యాక్ కలిసింది, పలికింది డెస్క్‌టాపే అనుకుందాం. ఇప్పుడు లాప్‌టాప్‌ని పక్కన పెట్టి పూర్తిగా కిందికి దిగిపో. డెస్క్‌టాప్ టెర్మినల్‌లోనే ‘ఎస్‌ఎస్‌హెచ్ లోకల్‌హోస్ట్’ అని కొట్టు, అంటే తనలోకి తానే లాగిన్ అవుతుంది. అక్కడ కూడా రెఫ్యూజ్డ్ వస్తే వైఫై, రౌటర్, లాప్‌టాప్, కేబుల్, అందరూ నిర్దోషులే. ఈ ఒక్క కమాండ్‌తో సగం ఇల్లు వెతకనక్కర్లేకుండా పోతుంది, అయినా ఎవరూ దీన్ని ముందు కొట్టరు, ఎందుకో మరి.

ఉబుంటులో ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ ముందే ఉంటుంది, సర్వర్ ఉండదు, దాన్ని విడిగా వేసుకోవాలి. నీది ఇన్నాళ్లూ పనిచేసింది కాబట్టి వేసే ఉంటావు. ఇదే తలనొప్పితో ఇది చదివే కొత్తవాళ్లకు మాత్రం చెబుతున్నాను, ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ సర్వర్’. కొత్త మెషీన్‌లో రెఫ్యూజ్డ్ వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే.

నీకు అడగాల్సిన ప్రశ్న వేరు: సర్వర్ ఎక్కడ చెవి పెట్టి వింటోంది? ‘సుడో ఎస్‌ఎస్ హైఫన్ టీఎల్‌ఎన్‌పీ’ అని కొట్టు. ఏ పోర్టులో ఎవరు వింటున్నారో జాబితా వస్తుంది. అందులో 22 అంకె ఉన్న వరస వెతుకు. నా అంచనా నిజమైతే అది కనిపించదు, దాని బదులు 2222నో, ఆ వీడియోలో చెప్పిన ఇంకేదో అంకె కనిపిస్తుంది.

ఎందుకో చెబుతాను, ఈ కథ తెలియకపోతే కరెంటు పోవడమే కారణమని నువ్వు జీవితాంతం నమ్ముతావు. పాత ఉబుంటుల్లో ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ స్వయంగా 22లో కూర్చుని వినేది. కాన్ఫిగ్ ఫైల్‌లో పోర్టు మార్చి సర్వీస్‌ని రీస్టార్ట్ చేస్తే వెంటనే కొత్త పోర్టుకి మారేది. 22.10 నుంచి ఉబుంటు పద్ధతి మార్చింది, ఇప్పుడు వినేది సిస్టమ్‌డీ (మెషీన్‌లో సర్వీసులన్నిటినీ లేపి నడిపే ప్రోగ్రామ్), ‘ఎస్‌ఎస్‌హెచ్ చుక్క సాకెట్’ అనే పేరుతో. ఎవరైనా తలుపు తడితే అప్పుడు అసలు సర్వర్‌ని లేపుతుంది. 24.04లో ఆ సాకెట్ ఏ పోర్టులో వినాలో కాన్ఫిగ్ ఫైల్ చూసే నిర్ణయిస్తుంది, కానీ ఎప్పుడు చూస్తుంది? మెషీన్ బూట్ అయినప్పుడు, లేదా నువ్వు డీమన్ రీలోడ్ (సిస్టమ్‌డీ చేత సెట్టింగులు మళ్లీ చదివించడం) చేయించినప్పుడు. నువ్వు ఏం చేసి ఉంటావంటే, వీడియో చూసి పోర్టు మార్చావు, పాత పద్ధతిలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్‌ని రీస్టార్ట్ చేశావు, 22తో కొట్టి చూశావు, లాగిన్ అయింది, ‘ఏమీ తేడా రాలేదు’ అనుకుని మరిచిపోయావు. సాకెట్ పాత పోర్టులోనే వింటూ ఉండిపోయింది. డెస్క్‌టాప్‌ని సస్పెండ్‌లో పెట్టడమే గానీ రీబూట్ చేయడం మీ ఇంట్లో అలవాటు లేకపోయి ఉంటుంది. మొన్న కరెంటు పోయినప్పుడు అది ఆగి మళ్లీ లేచింది, లేస్తూ ఆ ఫైల్ చదివింది, నువ్వు అడిగినట్టే కొత్త పోర్టుకి వెళ్లి కూర్చుంది. నువ్వేమో ఇంకా 22 తలుపు కొడుతున్నావు.

సరిచూసుకోవడానికి డెస్క్‌టాప్‌లోనే ‘ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ పి 2222 లోకల్‌హోస్ట్’ అని కొట్టు (లాప్‌టాప్ నుంచి కొడితే, మళ్లీ పెట్టిన ఫైర్‌వాల్ 22ని మాత్రమే రానిస్తుంది కాబట్టి టైమ్డ్ అవుట్ వస్తుంది). లాగిన్ అయిపోతే మనం అనుకున్నదే నిజం. తర్వాత నా సలహా, 22కే తిరిగి వెళ్లు. కాన్ఫిగ్ ఫైల్ ఈటీసీ ఫోల్డర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ లోపల ‘ఎస్‌ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్’ అనే పేరుతో ఉంటుంది, అందులో పోర్ట్ అన్న వరసను తీసెయ్ లేదా ముందు హ్యాష్ గుర్తు పెట్టు. పక్కనే దాని పేరుకే చుక్క డి తగిలించిన ఫోల్డర్ ఉంటుంది, అందులోని చిన్న ఫైళ్లు కూడా చూడు, కొందరు వీడియోవాళ్లు అక్కడ రాయిస్తారు. ఆ తర్వాత ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్ హైఫన్ రీలోడ్’, దాని వెనకే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ ఎస్‌ఎస్‌హెచ్ చుక్క సాకెట్’. మళ్లీ ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి 22 కనిపించిందో లేదో చూసుకో. వరస చివర సిస్టమ్‌డీ పేరు ఉంటే కంగారు పడకు, పైన చెప్పాను కదా, వినేది అదే. ‘సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్‌ఎస్‌హెచ్’ కొట్టినప్పుడు ఇనాక్టివ్ అని చూపించినా కంగారు అక్కర్లేదు, ఇంకా ఎవరూ తలుపు తట్టలేదని దాని అర్థం. చూడాల్సింది సాకెట్ యాక్టివ్‌గా ఉందా అని.

పోర్టు ఎందుకు మార్చమన్నారని అడిగితే, సెక్యూరిటీ కోసం అంటారు ఆ వీడియోల్లో. ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టిన సర్వర్‌కైతే లాగుల్లో చెత్త తగ్గుతుంది, అంతవరకే లాభం. రౌటర్ వెనక ఉన్న ఇంటి మెషీన్‌కి ఆ లాభం కూడా లేదు. 22 అనే అంకె ఏదో గాల్లోంచి వచ్చింది కాదు. 1995లో ఫిన్లాండ్‌లో తాతు యులోనెన్ అనే ఆయన, తమ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు దొంగచాటుగా వింటున్నారని తేలాక ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అప్పటికి 21 ఎఫ్‌టీపీది (ఫైళ్లు పంపే పద్ధతి), 23 టెల్‌నెట్‌ది (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత పద్ధతి), రెండూ పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపేవే. ఆ రెండింటి మధ్య ఖాళీగా ఉన్న 22ని అడిగి తీసుకున్నాడు. ఇంట్లో దాన్ని మార్చి ఇన్ని తిప్పలు పడడం దండగ.

పోర్టు 22లోనే ఉంది, అయినా రెఫ్యూజ్డ్ అంటే ఆ వరసలో అడ్రస్ ఏముందో చూడు. 0.0.0.0 గానీ, నక్షత్రం గుర్తు గానీ, చదరపు బ్రాకెట్లలో రెండు కోలన్లు గానీ ఉంటే అందరి కోసం వింటోందని. 127.0.0.1 మాత్రమే ఉంటే తనకోసం తానే వింటోంది, బయటివాళ్లకు రెఫ్యూజ్డ్ అనే చెబుతుంది, లోకల్‌హోస్ట్ పరీక్ష మాత్రం హాయిగా పాస్ అవుతుంది. కాన్ఫిగ్ ఫైల్‌లో లిజన్‌అడ్రస్ అన్న వరస ఎవరో రాసి ఉంటారు, తీసెయ్. ఇందులోనే ఇంకో రకం ఉంది: ఆ వరసలో డెస్క్‌టాప్ పాత అడ్రస్ రాసి ఉంటే, అడ్రస్ మారిన రోజున కొత్త అడ్రస్‌లో వినేవాళ్లే ఉండరు.

ఏ పోర్టులోనూ అసలు వినడం లేదంటే సర్వీసే లేవలేదు. ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ హైఫన్ టి’ కొట్టు, ఇది కాన్ఫిగ్ ఫైల్‌ని చదివి తప్పుంటే ఎన్నో వరసలో ఉందో చెబుతుంది, ఏమీ చెప్పకుండా ఊరుకుంటే ఫైల్ బాగానే ఉన్నట్టు. ఉబుంటు 22.04లో, డెబియన్ అనే ఇంకో లినక్స్‌లో, కాన్ఫిగ్‌లో ఒక్క మాట తప్పుగా పడినా ఇదే జరుగుతుంది: నడుస్తున్న సర్వర్ పాత కాన్ఫిగ్‌తో నెలల తరబడి నడుస్తుంది, రీబూట్ అయిన రోజున లేవనంటుంది. కాన్ఫిగ్ ముట్టుకున్న ప్రతిసారీ ఆ హైఫన్ టి పరీక్ష చేసి, ఒకసారి మెషీన్ రీబూట్ చేసి, మళ్లీ లాగిన్ అయి చూశాకే పని అయిందనుకోవాలి, ఇది నేను నా దగ్గర పనిచేసే కుర్రాళ్లకు విసుగొచ్చేదాకా చెబుతుంటాను. ఫెడోరా అనే ఇంకో లినక్స్ వాడేవాళ్లయితే సర్వీస్ పేరు ఎస్‌ఎస్‌హెచ్ కాదు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ. అక్కడ స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మరిచిపోతే రీబూట్ తర్వాత అది లేవదు.

కరెంటు నిజంగానే దోషి అయ్యే సందర్భం ఒకటుంది. డిస్క్‌కి రాస్తుండగా పోతే కొన్ని ఫైళ్లు సున్నా సైజుకి పడిపోతాయి, సర్వర్ కొత్తగా వేసిన రోజుల్లోనే అలా జరిగితే హోస్ట్ కీలు (సర్వర్ తానెవరో చూపించే గుర్తులు) కూడా పోవచ్చు. లాగులో ‘నో హోస్ట్‌కీస్ అవైలబుల్’ అని ఉంటుంది, లాగు చూడడానికి ‘సుడో జర్నల్‌సీటీఎల్ హైఫన్ యు ఎస్‌ఎస్‌హెచ్’. ఆ సున్నా సైజు కీ ఫైళ్లను తీసేసి ‘సుడో ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్ హైఫన్ ఎ’ కొట్టాలి, ఈ చివరి ఎ ఒక్కటి పెద్ద అక్షరం. కొత్త కీలు వస్తాయి. ఆ తర్వాత లాప్‌టాప్ ‘హోస్ట్ ఐడెంటిఫికేషన్ మారిపోయింది’ అని పెద్ద హెచ్చరిక ఇస్తుంది, మార్చింది నువ్వే కాబట్టి లాప్‌టాప్‌లో ‘ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్ హైఫన్ ఆర్’ అని, ఆర్ కూడా పెద్ద అక్షరం, తర్వాత అడ్రస్ కొట్టి పాత గుర్తు చెరిపెయ్. నువ్వేమీ మార్చకుండా ఆ హెచ్చరిక వస్తే మాత్రం చెరపకు, ముందు ఎవరితో మాట్లాడుతున్నావో పైన చెప్పిన మ్యాక్ పద్ధతిలో చూసుకో.

అన్నీ బాగున్నాయి, ఒక లాప్‌టాప్‌కి మాత్రమే రెఫ్యూజ్డ్, ఇంట్లో ఇంకో ఫోన్ నుంచో ఇంకో మెషీన్ నుంచో లాగిన్ అవుతోంది అంటే ఫెయిల్2బ్యాన్ (పదేపదే తప్పు లాగిన్ కొట్టేవాళ్లను అడ్డుకునే ప్రోగ్రామ్) వేసి ఉన్నావేమో గుర్తు తెచ్చుకో. మామూలు సెట్టింగుల్లో 10 నిమిషాల్లో 5 సార్లు పాస్‌వర్డ్ తప్పితే 10 నిమిషాలు ఆ అడ్రస్‌ని బయట పెడుతుంది, అది అడ్డుకునే తీరు క్లయింట్‌కి రెఫ్యూజ్డ్‌గానే కనిపిస్తుంది. యూఎఫ్‌డబ్ల్యూలో అలౌ బదులు లిమిట్ అని పెట్టినా అంతే, 30 సెకన్లలో 6 సార్లు తలుపు కొడితే కాసేపు వెళ్లగొడుతుంది. కోపంతో పదేపదే కొట్టేవాళ్లకు ఇది ఎప్పటికీ తేలదు. టీ తాగి వచ్చి కొట్టు.

క్లయింట్ వైపు చూడాల్సింది తక్కువ. ‘ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ వి’ పెట్టి కొడితే ‘కనెక్టింగ్ టు’ అన్న వరసలో అది నిజంగా ఏ అడ్రస్‌కి, ఏ పోర్టుకి వెళ్తోందో ఉంటుంది. నీ యూజర్ ఫోల్డర్‌లో చుక్క ఎస్‌ఎస్‌హెచ్ లోపల కాన్ఫిగ్ ఫైల్ ఎప్పుడో రాసి మరిచిపోయి ఉంటే, నువ్వు కొట్టింది ఒకటి, అది వెళ్లేది ఇంకోటి అవుతుంది.

కింది నుంచి పైకి, అంటే విండోస్ లాప్‌టాప్‌లోకి కూడా రావాలన్నావు. దానికి విండోస్ సెట్టింగుల్లో ఆప్షనల్ ఫీచర్స్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ వేసుకో, సర్వీసుల జాబితాలో దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టు, వైఫైని ప్రైవేట్ నెట్‌వర్క్‌గా గుర్తించమను. విండోస్ ఫైర్‌వాల్ స్వభావం వేరు, పోర్టులో ఎవరూ లేకపోయినా అది మామూలుగా రెఫ్యూజ్డ్ అనదు, నోరు మూసుకుని కూర్చుంటుంది, నీకు టైమ్డ్ అవుట్ వస్తుంది. కాబట్టి పైన చెప్పిన లెక్క ఆ వైపు అలాగే వర్తించదు. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే నడిచే లినక్స్) లోపల సర్వర్ వేసి విండోస్ అడ్రస్‌కి కొట్టేవాళ్లు కూడా ఉంటారు, డబ్ల్యూఎస్‌ఎల్2 మామూలుగా వేరే నెట్‌వర్క్‌లో ఉంటుంది, అలా నేరుగా కుదరదు.

విశాఖలో హాస్టల్‌కి వెళ్లాక అక్కడి నుంచి లాగిన్ అవ్వాలంటే రౌటర్‌లో 22ని బయటికి తెరవకు, నాన్నగారి లెక్కలు ఉన్న మెషీన్ అది. పైగా చాలా కనెక్షన్లలో రౌటర్‌కి వచ్చే బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటుంది, అంటే నీ ఒక్క ఇంటికే ఇచ్చిన పబ్లిక్ అడ్రస్ కాదు, నువ్వు తెరిచినా బయటినుంచి రావడం కుదరదు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది రెండు మెషీన్లలోనూ వేసుకుంటే రౌటర్‌ని ముట్టుకోకుండానే పని జరిగిపోతుంది. కీతో లాగిన్ బాగా కుదిరాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపెయ్, ఆపేముందు రెండో విండోలో కీతో ఒకసారి లోపలికి వెళ్లి చూసుకో.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే నాకు నాలుగు సంగతులు రాసి పెట్టు: డెస్క్‌టాప్‌లో ‘ఐపీ ఎ’ ఇచ్చినది, అదే మెషీన్‌లో ‘సుడో ఎస్‌ఎస్ హైఫన్ టీఎల్‌ఎన్‌పీ’ ఇచ్చినది, ‘ఎస్‌ఎస్‌హెచ్ లోకల్‌హోస్ట్’ కొడితే ఏమైందో, లాప్‌టాప్‌లో హైఫన్ వి పెట్టినప్పుడు వచ్చిన వరసలు. ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టకు, అక్షరాలు కాపీ చేసి పెట్టు, ఒక అంకె మసకగా ఉన్నా నేను తప్పు చదువుతాను. 192.168తో మొదలయ్యే అడ్రస్‌లు దాచక్కర్లేదు, అవి ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉన్నవే. బయటి అడ్రస్, ప్రైవేట్ కీ ఫైల్ మాత్రం ఎక్కడా అతికించకు.